పగులు లేని భేరి

యుద్ధాల మ్యూజియంలో కన్సర్వేటర్‌గా పనిచేసే ముసలాయన మధ్యాహ్నం టీ తాగుతూ తాగుతూ టేబుల్ మీదికి ఒరిగిపోయాడు. గుండెపోటని డాక్టరు రాసేశాడు. కప్పు వాసన చూసిన గూఢచారి శాఖ వాళ్ళు మాత్రం ఆ కాగితాన్ని పక్కన పడేశారు. నలభై ఏళ్ళు తుప్పు కత్తులకీ చిరిగిన జెండాలకీ చాకిరీ చేసిన మనిషి. ఎవరి జోలికీ పోని మనిషి. ఆయనకి విషం పెట్టాల్సిన అవసరం ఎవరికొచ్చింది?

ఆ ప్రశ్న మూడో రోజు పొద్దున్నే వచ్చి ఏజెంట్ నత్త నెత్తిన పడింది.

నత్త అనేది డిపార్ట్‌మెంట్ వాళ్ళు ముద్దుగా పెట్టిన పేరు. మెట్లెక్కినా, తుపాకీ తీసినా, భోంచేసినా అతనిది ఒకటే వేగం. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఒక్కనాడూ తొందరపడలేదు. అందుకే ఇంకా ప్రాణాలతో ఉన్నాడని చీఫ్ అంటుంటాడు. పొగుడుతున్నాడో దెప్పుతున్నాడో నత్తకి ఇప్పటికీ అంతుచిక్కలేదు.

బ్రీఫింగ్ ఐదు నిమిషాల్లో ముగిసింది. మూడు వందల ఏళ్ళ కిందట ఒక యుద్ధంలో పొరుగుదేశం వాళ్ళు మన భేరిని ఎత్తుకుపోయారు. అక్కడ కొన్నాళ్ళు కోట బురుజు మీద మోగింది. తర్వాత వందేళ్ళు వాళ్ళ నాటకశాలలో ఉరుముల శబ్దానికి వాడుకున్నారు. ఇప్పుడు రెండేళ్ళుగా నడుస్తున్న యుద్ధానికి శాంతి ఒప్పందం కుదిరింది కాబట్టి, మంచి మనసుతో దాన్ని తిరిగి ఇచ్చేస్తున్నారు. మరునాడు పదకొండున్నరకి మ్యూజియం పెద్ద హాల్లో రెండు దేశాల అధ్యక్షులూ చెరో కర్ర పట్టుకుని భేరిని ఒకేసారి మోగిస్తారు. ఆ వెంటనే సంతకాలు. పన్నెండింటికి కాల్పుల విరమణ గడువు తీరిపోతుంది. ఆలోపు సంతకాలు పడకపోతే ఫిరంగులు మళ్ళీ నోళ్ళు తెరుస్తాయి.

సంతకాలు పడకూడదని కోరుకునేవాళ్ళకి చీఫ్ పెట్టుకున్న పేరు 'కొలిమి'. ఎక్కడో మూడో దేశంలో కూర్చుని ఆయుధాలమ్మే ముఠా అది. సరిహద్దుకి అటు పేలని గుండ్ల మీదా, ఇటు పేలని గుండ్ల మీదా ఉండేది ఒకే ఫ్యాక్టరీ ముద్ర.

"రెండు నెలల కింద ముసలాయన అక్కడికెళ్ళి భేరిని పరీక్షించి కండిషన్ రిపోర్ట్ రాసుకొచ్చాడు," అన్నాడు చీఫ్. "హంతకులు ఆయన టేబుల్ మీది కాపీ పట్టుకుపోయారు. మ్యూజియంలో ఏ కాగితానికైనా మూడు కాపీలుంటాయని పాపం వాళ్ళకి తెలీదు. ఇదిగో, మూడోది."

"భేరితో ఎవరొస్తున్నారు సార్?"

"కాటుక."

నత్త తల ఊపాడు. కాటుక పొరుగుదేశపు మ్యూజియం ఉద్యోగిని, అక్కడి గూఢచారి సంస్థలో ఏజెంటు, ఆరేళ్ళుగా మనకి రహస్యాలు అందిస్తున్న డబుల్ ఏజెంటు. ఆమె గదిలోకొస్తే మాట్లాడుతున్నవాడు మాట మరిచిపోతాడని ఫైల్లో ఎవరో ఆఫీసరు రాసి, తర్వాత సిగ్గుపడి కొట్టేశాడు.

బయటికొచ్చేసరికి తమ్ముడి దగ్గర్నుంచి ఫోన్. అమ్మానాన్నలు పోయాక నత్త వాణ్ణి ఒంటిచేత్తో పెంచాడు. వాడిప్పుడు సరిహద్దులో ముందు వరస ట్రెంచిలో ఉన్నాడు. అన్న సర్వే ఆఫీసులో గుమాస్తా అనే వాడి నమ్మకం. సంతకాలు కాకపోతే మొదటి గుండు పడేది తమ దిబ్బ మీదేనని నవ్వుతూ చెప్పాడు. నత్త "భోంచేశావా?" అని మాత్రం అడిగి ఊరుకున్నాడు.

మరునాడు పొద్దున నెరిసిన విగ్గు, అతికించిన గడ్డం, సీసా అడుగులాంటి కళ్ళద్దాలు, గోధుమరంగు కోటు వేసుకుని నత్త కొత్త కన్సర్వేటర్ అయిపోయాడు. మ్యూజియం ముందు గదిలో ఈటెలు, తర్వాత గదిలో నాటు తుపాకులు, ఆ తర్వాత విషవాయువు మాస్కులు. ప్రతి గదిలోనూ గోడ మీద ఏదో ఒక విజయం సంగతి రాసుంది. వాటి మధ్య నడుస్తుంటే మనిషి ఇన్ని వేల ఏళ్ళలో నేర్చుకున్నదల్లా దూరం నుంచి చంపడమేనా అనిపించి మనసు పాడైంది.

పది గంటలకి కన్సర్వేషన్ గదికి భేరి పెట్టె వచ్చింది. వెనకే కాటుక. నల్ల సిల్కు దుస్తులు, ఎర్రటి స్కార్ఫు. ఫైల్లో కొట్టేసిన వాక్యం నిజమేనని నత్త ఒప్పుకున్నాడు.

"దారిలో వాన పడిందా?" అన్నాడు.

"గొడుగు మాత్రమే తడిసింది," అందామె. కోడ్ సరిపోయింది.

రిపోర్టులో పదిహేడు అంశాలున్నాయి. నత్త ఒక్కొక్కటే పైకి చదవడం, ఆమె చూసి "ఉంది" అనడం. మూడు మేకులు లేవు. చర్మం మీద నూనె మరక. అంచున కాలిన గుర్తు. పదకొండు: అడుగు కర్రలో జానెడు పగులు, వేలు దూరేంత వెడల్పు.

"ఉంది," అంది కాటుక.

నత్త చెయ్యి పెట్టి తడిమాడు. కర్ర నున్నగా ఉంది. పగులు లేదు. మొదట సంతోషించాడు కూడా. పాపం మర్యాదస్తులు, బాగుచేసి మరీ పంపారనుకున్నాడు. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది మరి! కానీ ఆ లైను పక్కనే ముసలాయన పెన్సిల్‌తో రాసుకున్నాడు: 'చెప్పి వచ్చాను. గోరంత మరమ్మతు కూడా చేయకూడదు. గాయం గాయంలాగే రావాలి.'

మ్యూజియం వస్తువు దెబ్బతిని వస్తే పోట్లాడుకుంటారు, బాగుపడి వస్తే భయపడాలి. కొలిమి వాళ్ళ పనివాడెవడో పగులులోంచి లోపలికి దారి చేసుకుని, పనైపోయాక పనితనం చూపించుకున్నాడు. పాత కర్రకి పాత రంగే కలిపి, గీత కూడా కనపడకుండా మూసేశాడు. ఆ నేర్పే కొంప ముంచింది. మరి, లేని పగులుని ఉందని కాటుక ఎందుకంది?

పైకి ఏమీ తేలనివ్వకుండా మిగతా ఆరూ చదివి, ఆమెని సంతకానికి టేబుల్ దగ్గరికి పంపాడు. ఆ అర నిమిషంలో చొక్కా గుండీలోంచి దారమంత సన్నటి వైర్ కెమెరా లాగి, చర్మాన్ని బిగించిన తాళ్ళ సందులోంచి లోపలికి దూర్చాడు. చేతి గడియారం అద్దం మీద బొమ్మ వచ్చింది. బూడిదరంగు పేలుడు ముద్దలు వరసగా పేర్చున్నాయి. చర్మానికి లోపలి వైపు చిన్న రేకు అతికించి ఉంది. పైన కర్ర దెబ్బ పడగానే రేకు అదురుతుంది. హాల్లో ఒక్కరూ మిగలరు.

అంతలో ప్రోటోకాల్ ఆఫీసర్లు వచ్చి భేరిని వేదిక మీదికి మోయించుకుపోయారు. నత్త కాలర్ మైకులో గొణిగాడు. చెవిలో చీఫ్ గొంతు వినపడింది.

"బాంబు అన్న మాట ఎత్తకు. ఎత్తావా, వాళ్ళ గార్డులూ మన గార్డులూ అక్కడే కాల్చుకుంటారు. నువ్వంటే నువ్వనుకుంటారు. పన్నెండింటికి ఫిరంగులు మొదలు. దాన్ని మోగనివ్వకు. కారణం ఎవరికీ తెలియకూడదు."

అతని వెనక తలుపుకి గడియ పడింది. కాటుక చేతిలో అరచేతిలో పట్టేంత పిస్తోలు, దానికి సైలెన్సర్.

"కూర్చోండి," అంది. "పదకొండున్నర దాకా. ఆరేళ్ళు మీ శాఖకి పనిచేశాను. మిమ్మల్ని చంపాలని లేదు."

"కొలిమి ఎంతిచ్చిందేంటి?"

"పైసా లేదు." ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. "మా అన్న పోయిన ఏడాది మీ గుండుకి పోయాడు. ఇంటికి ఒక బూటు తెచ్చిచ్చారు. ఇప్పుడు పెద్దలంతా చేతులు కలుపుకుని ఫొటోలు దిగుతారట. ఎవరి తరఫున?"

ఆమె బాధ అబద్ధం కాదు. అదే అతన్ని ఎక్కువ కలవరపెట్టింది.

"నా తమ్ముడు అక్కడే ఉన్నాడు," అన్నాడు మెల్లగా. "ముందు వరసలో. వాడికి పంతొమ్మిది."

పిస్తోలు కొన వెంట్రుకవాసి కిందికి దిగింది. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి నత్త తొందరపడ్డాడు. టేబుల్ మీది స్పిరిట్ సీసా ఎత్తి ఆమె మొహాన కొట్టాడు. గుండు అతని ఎడమ మోచేతిని చీల్చుకుంటూ పోయింది. ఆమె కళ్ళు మూసుకుని తడుముకుంటుంటే బయటికి ఉరికి తలుపుకి తాళం వేశాడు. రక్తం కనపడకుండా చేతిని కోటు జేబులో దోపుకున్నాడు.

పదకొండు ఇరవై తొమ్మిది. హాలంతా కెమెరాలు. అధ్యక్షులిద్దరూ కర్రలు అందుకున్నారు. ఒకాయన పొట్టి, ఒకాయన పొడుగు. ఇద్దరి ముఖాల్లోనూ నిద్రలేమి. పరుగెత్తితే గార్డులు కాల్చేస్తారు. భేరి మీద పడితే రేకు అదురుతుంది. నత్త తన మామూలు నడకతో వేదికెక్కాడు. గోధుమరంగు కోటుని ఎవరూ ఆపలేదు.

కర్రలు పైకి లేచాయి.

"ఒక్క క్షణమండీ," అన్నాడు నత్త, వంగి వంగి కుడిచెయ్యి నుదుటికి ఆనిస్తూ. "దారం పోగు వేలాడుతోంది. ఫొటోలో బాగుండదు."

ఉంగరం నొక్కితే బ్లేడు బయటికొచ్చింది. చర్మం అంచున ఆనించి, ఊపిరి బిగబట్టి, నెమ్మదిగా, ఒక్క అదురు కూడా లేకుండా ఈ చివర నుంచి ఆ చివరకి లాగేశాడు. సర్రున చిరిగిన శబ్దం మైకుల్లో హాలంతా వినపడింది. చర్మం బిగువు పోయి గోనెపట్టాలా లోపలికి వేలాడింది. ఇక ఎంత కొట్టినా రేకుకి దెబ్బ తగలదు.

జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. మన అధ్యక్షుడి ముఖం నల్లబడిపోయింది. ఎవరో "పట్టుకోండ్రా వాణ్ణి" అన్నారు. నలుగురు గార్డులు నత్తని పశువుని ఈడ్చినట్టు ఈడ్చుకుపోయారు. పొరుగు అధ్యక్షుడు కాసేపు ఆ చిరుగు వంక చూసి, కర్ర పక్కన పెట్టి, మన ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"మా దగ్గర మూడు వందల ఏళ్ళు భద్రంగా ఉందండి," అన్నాడు. "మీ దగ్గర మూడు నిమిషాలు. పోనివ్వండి. పెన్నులేవీ?"

తప్పు మనది కావడంతో వాళ్ళకి పెద్దమనసు చూపించుకునే వీలు చిక్కింది. పదకొండు యాభై రెండుకి సంతకాలు పూర్తయ్యాయి. చీఫ్ మనుషులు నత్తని గార్డుల చేతుల్లోంచి విడిపించి, చిరిగిన భేరిని గుడ్డ కప్పి వెనక దారిన తీసుకుపోయారు. నత్త తాళం తీసి కన్సర్వేషన్ గదిలోకి వెళ్ళేసరికి కాటుక గోడకానుకుని కూర్చునుంది. "మోగిందా?" అని ఒక్కటే అడిగింది. లేదని చెబితే మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. ఆ ఏడుపు నత్త చెవుల్లోంచి పోవడానికి చాలా కాలం పట్టేటట్టుంది.

విగ్గూ గడ్డం తీసేసి, చేతికి కట్టు కట్టించుకుని కారులో కూర్చున్నాడు. రేడియోలో అతన్ని దేశమంతా తిడుతోంది. చరిత్రని చింపిన దౌర్భాగ్యుడు ఎక్కడ మాయమయ్యాడని ఒకాయన గొంతు చించుకుంటున్నాడు. పన్నెండుంపావుకి ఫోన్ మోగింది.

"అన్నయ్యా, యుద్ధం అయిపోయింది! ఇంటికొస్తున్నా!" తమ్ముడి వెనక ఈలలు, కేకలు. "అదలా ఉంచు, టీవీలో ఆ ముసలి వెధవని చూశావా? భేరిని నిలువునా చింపేశాడు. మా ట్రెంచంతా వాడి మీద పళ్ళు నూరుతోంది. దొరికితే వాడి చెయ్యి విరగ్గొట్టాలి."

నత్త కట్టు కట్టిన చేతిని ఒళ్ళో సర్దుకున్నాడు.

"నువ్వు ముందు ఇంటికి రా నాన్నా," అన్నాడు. "ఆ వెధవని ఇద్దరం కలిసి వెతుకుదాం."