గణన ఆదివారం

"మీ అమ్మని ఇంట్లోంచి పొమ్మన్నానేటి? ఒక్క ఆదివారం. ఆ ఒక్క పూటా ఏరేగా వొండుకోమంటన్నాను," అంది నూకాలమ్మ. పొద్దుటి నుంచి ఆవిడ ఈ మాట అంటూనే ఉంది.

"అయిదేళ్ల నుండీ మాయమ్మ తన పొట్లం ఈ పొయ్యిలోనే పెడతంది మామ్మా. ఈ ఆదివారమే ఏరయిపోనాదా?" మెలె చేప పొలుసు తీస్తున్న చెయ్యి ఆపలేదు.

"నాకవలేదే తల్లీ. గవర్నమెంటుకయ్యింది."

"గవర్నమెంటు అలాగనలేదు. పొయ్యికి పెద్ద ఎవరో ఆళ్లు సెప్పిన పేర్లే రాసుకుంటామంది. ఈ పొయ్యికి పెద్ద మీరే."

"సూసావురా రాజూ, నాను నేర్పిన మాటల్తో నన్నే ఎలా కొడతందో!"

గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటున్న పైడిరాజు తల ఎత్తకుండా, "కాసేపు ఊరుకోండి ఇద్దరూ," అన్నాడు.

"నువ్వు మాటాడకు. పెళ్లాం నోరిప్పితే ఇటు, మామ్మ నోరిప్పితే అటు. గాలికి కొట్టుకునే తలుపు నీకన్నా నయం."

తాను నేర్పిన మాటలేనని నూకాలమ్మ అన్నది నిజమే. మెలె ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. మనవడి పెళ్లాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ముసలావిడే నేర్పింది. అందుకే మెలె పోట్లాడినా ఆ యాస, ఆ సాగదీత అచ్చం నూకాలమ్మవే. పెరట్లో మెలె తల్లి సినా పొయ్యిరాళ్లు కడుగుతోంది. మూడేళ్ల బంగారి అమ్మమ్మ వీపు మీదెక్కి కూర్చుంది. సినాకు తెలుగు అంతంతమాత్రమే. కానీ లోపల జరుగుతున్న గొడవ తన గురించేనని తెలుసుకోవడానికి భాష అక్కర్లేదు.

అది రెండువేల తొంభై ఆరో సంవత్సరం. పసిఫిక్ సముద్రం మధ్య ఒలోవా అనే చిన్న దేశం. దేశమంటే ఒకటే దీవి. ఈ చివర నిలబడి కేకేస్తే ఆ చివర కుక్కలు మొరుగుతాయి. అక్కడ ప్రతి ఇంటి పెరట్లోనూ ఒక గొయ్యి ఉంటుంది. ఆదివారం పొద్దున్నే అందులో రాళ్లు కాల్చి, ఆకుల్లో చుట్టిన చామదుంపలు, చేపలు పొట్లాలుగా పేర్చి, పైన ఆకులు పరిచి మట్టి కప్పేస్తారు. మధ్యాహ్నానికి మట్టి తీసి అందరూ కలిసి తింటారు. ఫాస్ఫేట్ గనుల కోసం రెండు వందల ఏళ్ల కిందట విశాఖపట్నం రేవు నుంచి ఓడల్లో వచ్చిన తెలుగువాళ్లు పొట్లంలో చింతపండు, ఎండుమిరప చేర్చారు. మిగతాదంతా దీవి పద్ధతే.

ఆ దీవిలో జనాభా లెక్క కూడా పొయ్యి ప్రకారమే. గణకులు తలుపులు లెక్కపెట్టరు, మంచాలు లెక్కపెట్టరు. ఎవరి పొట్లం ఏ పొయ్యిలో ఉంటే వాళ్లు ఆ ఇంటివాళ్లు. రాజులు పోయారు, గనుల కంపెనీ పోయింది, స్వతంత్రం వచ్చింది. ఈ పద్ధతి మాత్రం పోలేదు.

మామూలుగా గణన ఆదివారం అంటే పండగే. ఈసారి కాదు. చామగుంటల్లోకి ఉప్పునీళ్లు వచ్చేశాయి. రేవులో 'తేలునేల' సిద్ధమైంది. బోలు దిమ్మెలను గొలుసులతో కలిపి, మీద ఇళ్లు కట్టిన ఫ్లోటింగ్ టౌన్ అది. ఈ ఆదివారం లెక్కలోకి వచ్చిన వాళ్లకే అందులో చోటు. రానివాళ్లను ఏ దేశం రమ్మంటే ఆ దేశానికి ఓడెక్కిస్తారు. లెక్క తేలునేల మోయగలిగినంతలో ఉంటే సరే. దాటితే దేశమంతా చీట్లు వేస్తారు. చీటీ రాకపోతే పసిపిల్లయినా సరే, ఓడే.

ఇరవై ఏళ్ల కిందట సముద్రాన్ని ఆపడానికి గోడ కట్టాలని, అప్పటికే మునిగిపోయిన ఉత్తరపు దీవుల వాళ్లను కూలికి తెచ్చారు. గోడ నిలవలేదు. కట్టినవాళ్లు మిగిలిపోయారు. వాళ్లను అందరూ గోడవాళ్లంటారు. మెలె, సినా ఆ గోడవాళ్లే. మెలెకు కోడలిగా చోటు దొరుకుతుంది. సినాకు నూకాలమ్మ నోటి మాటే ఆధారం.

వంటింట్లోకి ఒకేసారి ఇద్దరు వచ్చారు. నూకాలమ్మ కొడుకు, పైడిరాజు తండ్రి సింహాద్రి తెలుగు సంఘం మీటింగు నుంచి వచ్చాడు. అతని భార్య వరాలు ఆఫీసు నుంచి వచ్చింది.

"తీర్మానం అయిపోనాది," అన్నాడు సింహాద్రి చెప్పులు విడుస్తూ. "తెలుగోళ్ల పొయ్యిలన్నీ ఒకే మాట మీదుంటాయి. గోడోళ్ల పేరు ఎవరూ సెప్పకూడదు."

మెలె కత్తి కింద పెట్టి పెరట్లోకి వెళ్లిపోయింది.

"సిగ్గు లేదండీ మీ సంఘానికి?" అంది వరాలు. "మనల్ని రాయకుండా వొదిలేసారని తరాల తరబడి ఏడిసింది మనమే గదా?"

"మనల్ని వొదిలేసింది కంపెనీ దొరలు. మనం దొరలమా?"

"అదే నాను సెప్తన్నాను. సాయంత్రానికి రుజువు తెస్తాను. దొరలు మనకి సేసిన పని ఏటో, ఎలా సేసారో మీ అమ్మ ముందే సదువుతాను. అప్పుడు కూడా సినాని పొమ్మనగలిగితే అనండి."

నూకాలమ్మ అరటాకు దులిపింది. "సదువు తల్లీ. నాకు సెవులు బాగానే ఇనిపిస్తన్నాయి."

వరాలు ఒలోవా గణాంక కార్యాలయానికి అధిపతి. 'వెనుచూపు' అనే యంత్రం ఆమె తయారుచేసిందే. పుస్తకాల్లో దాని పేరు రెట్రో సెన్సస్ ఇంజిన్. బతికిన మనిషి ఏదో ఒక జాడ వదలకుండా పోడన్నది దాని సూత్రం. తిన్న బియ్యం దుకాణంలో తగ్గుతుంది. తాగిన నీళ్లు తొట్టెలో తగ్గుతాయి. జ్వరం మాత్రలు, కొబ్బరి రవాణా, నేలలో బూడిద పొరలు, చనిపోయినవాళ్ల దంతాల్లో నిలిచిపోయిన ఖనిజాలు, ఇలాంటి వేల జాడలను వెనుచూపు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తుంది. ఏ ఏట, ఏ పొయ్యి చుట్టూ ఎంతమంది ఉండి ఉండాలో ప్రాబబిలిటీతో, అంటే సంభావ్యతతో సహా చెబుతుంది. ఎవరూ లెక్కపెట్టని చనిపోయినవాళ్లను అది లెక్కపెడుతుంది.

ఒలోవా పాఠ్యపుస్తకాల్లో తెలుగు కూలీల గురించి ఒకే వాక్యం ఉండేది: "కొద్దిమంది వచ్చి వెళ్లారు." పాత గణనల్లో ఒక్క తెలుగు పేరు లేదు. ఆ వాక్యం తప్పని వెనుచూపు నిరూపించింది. ఇంతమంది ఇక్కడ పుట్టారు, ఇంతమంది ఇక్కడే పోయారు అని అంకెలు పార్లమెంటు ముందు పెట్టింది. తెలుగువాళ్లకు దీవి మనుషులుగా గుర్తింపు వచ్చింది అప్పుడే. ఆ రోజు సంఘం వాళ్లు వరాలుకు దండ వేశారు. నూకాలమ్మ కోడలికి దిష్టి తీసింది.

ఎంతమంది అన్నదే అప్పుడు అందరికీ కావలసింది. ఎవరు తీసేశారని అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. దొరలేనని అందరికీ తెలుసు కదా.

వరాలు తిరిగి ఆఫీసుకు వెళ్లేసరికి, శనివారం కావడంతో అక్కడ తొమాసి ఒక్కడే ఉన్నాడు. ఒలోవా వాడు, వరాలు దగ్గర పదేళ్లుగా పనిచేస్తున్న శాస్త్రజ్ఞుడు. ఆమె అడగబోయేది విని నవ్వాడు.

"యంత్రంతో అత్తగారి మీద ఫిర్యాదా అక్కా?"

"నువ్వు కుర్చీ లాక్కుని కూర్చో. సాక్షివి." ఆమె యంత్రం వైపు తిరిగింది. "గనుల కాలంలో మొదటి గణన. తెలుగు కూలీలను లెక్కలోంచి కంపెనీ ఎలా తీసేసింది?"

"కంపెనీ తీసేయలేదు," అంది వెనుచూపు. దాని గొంతు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. "కూలీల సంఖ్య తగ్గితే కంపెనీకి వచ్చే బియ్యం తగ్గుతుంది. సరైన లెక్క దానికి అవసరం. గణకులు దీవి పద్ధతిలో పొయ్యి పెద్దలను అడిగి రాసుకున్నారు."

"పొయ్యి పెద్దలెవరు?"

"మొదటి ఓడలో వచ్చిన తెలుగు కుటుంబాలు. రెండో ఓడవాళ్లు ఆ పొయ్యిల్లోనే తినేవాళ్లు. గణన జరిగిన ఒక్క వారం మాత్రం గుట్ట మీద వేరుగా వంట జరిగినట్టు బూడిద పొర ఉంది. దాని కింద, దాని పైన బూడిద లేదు. ఆ వారం పొయ్యి పెద్దలు రెండో ఓడవాళ్ల పేర్లు చెప్పలేదు."

"ఎందుకు?" అంది వరాలు.

"లెక్కలో ఉన్నవాళ్లకు నేల ఇస్తారని అప్పట్లో ఒక మాట పుట్టింది. గణన తర్వాత, లెక్కలో లేని రెండో ఓడవాళ్లను వేరే దీవిలోని గనికి పంపేశారు. ఎక్కువమంది దారిలో చనిపోయారు."

"మరి మొదటి ఓడవాళ్ల పేర్లు కూడా లేవు కదా?"

"మొదటి గణనలో పెద్దలు చెప్పిన పేర్లకు అంకె మాత్రమే వేశారు. తర్వాతి గణనకు వాళ్లు నేల కౌలుకు చేస్తూ ఒలోవా వాళ్ల పొయ్యిల్లో తినేవాళ్లు. ఒలోవా పెద్దలు వాళ్ల పేర్లు చెప్పలేదు."

తొమాసి ముఖంలో నవ్వు పోయింది. "మా తాతలూ తక్కువ వాళ్లేం కారన్నమాట," అన్నాడు మెల్లగా.

"మా అత్తగారి వంశం?" అంది వరాలు. "ఆ పొయ్యి సంగతి చెప్పు."

"గుట్ట మీదికి మొదట మనుషులను పంపిన పొయ్యి అదే. సంభావ్యత చాలా ఎక్కువ. మిగిలిన పొయ్యిలు దాన్ని చూసి చేశాయి."

వరాలు లేచి, మళ్లీ కూర్చుంది. ఆమెకు ఇంకో ప్రశ్న ఉంది. అది అడగడానికని ఆమె రాలేదు.

"రేపు మా ఒక్క ఇల్లు ఒక్క పేరు చేరిస్తే తేలునేల లెక్క దాటుతుందా?"

"ఒక్క పేరుతో దాటదు. ఈ వారం ఇదే ప్రశ్న నన్ను చాలా ఇళ్లవాళ్లు అడిగారు. అందరూ ఒక్క పేరనే అన్నారు."

"అందరూ చేరిస్తే?"

"చీట్లు పడతాయి. మీ మనవరాలికి చోటు దొరకకపోయే అవకాశం మూడింట ఒక వంతు."

మనవరాలి గురించి ఆమె అడగలేదు. అడుగుతుందని దానికి తెలిసింది.

సాయంత్రం ఇంటికి వచ్చి, చెప్పిన మాట ప్రకారం వరాలు అంతా చెప్పింది. ఒక్క ఆ చివరి ప్రశ్న తప్ప. సినా పెరట్లోనే ఉంది. గుట్ట మీది బూడిద గురించి చెబుతుంటే పైడిరాజు వల పక్కన పెట్టేశాడు. సింహాద్రి నేల చూశాడు. ఇప్పుడు అత్త ఏడుస్తుందని వరాలు అనుకుంది. ఏడవాలని కోరుకుంది కూడా.

నూకాలమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"నా తల్లే! మా ముత్తవ్వ ఎంత గుండె దిటవు సేసుకుందో! ఆవిడ ఆనాడు అలాగ సేసింది గాబట్టే గదా, ఈయాల మనం ఇలాగున్నాం. ఆ ఓడోళ్లనీ కలుపుకునుంటే మనమూ ఆళ్లతోటే పోయుందుము. నువ్వుండవు, నీ మిషనూ ఉండదు."

"అత్తా, ఆళ్లు సచ్చిపోనారు."

"ఆళ్లు పోనారు. మనం ఉన్నాం. నీ మిషను సెప్పింది అదే గదేటి?"

సింహాద్రి తల ఎత్తాడు. అతని ముఖం తేలికపడింది. "సంఘంలో కొందరు మెత్తబడి ఊగిసలాడతన్నారు. ఈ మాట ఆళ్లకి తెలియాలి," అంటూ చెప్పులేసుకుని బయటికి నడిచాడు. వరాలు గుమ్మం దాకా వెళ్లింది కానీ ఆపలేదు. దీపాలు పెట్టే వేళకు వీధంతా తెలిసిపోయింది. పూర్వం మన పెద్దలు ఎలా నెగ్గుకొచ్చారో గవర్నమెంటు యంత్రమే చెప్పిందట అని ఇళ్లలో చెప్పుకున్నారు. గోడవాళ్లు ఉన్న పెరళ్లలో రేపటి కోసం వేరే పొయ్యిలకు కట్టెలు పేరుస్తున్న చప్పుడు మొదలైంది.

మెలె వరాలు దగ్గరికి వచ్చింది. "అత్తా, మీరు మంచి సేద్దామనే ఎల్లారు. నాకు తెలుసు," అంది. ఆ మాట తిట్టులా తగిలింది.

మర్నాడు మధ్యాహ్నం పెరట్లో అందరూ కూర్చున్నారు. గణకురాలు పక్కింటి నుంచి ఇటు వస్తోంది. నూకాలమ్మ తన పీట మీంచి లేచి, దాన్ని కోడలి వైపు తోసింది.

"నా సేత అనిపించకండి. ఆ గుంటని అయిదేళ్లు నా సేత్తో తినిపించినాను, దాని తల్లిని పక్కనెట్టుకుని తిన్నాను. నా నోరు రాదు. ఇకనుండి ఈ పొయ్యికి పెద్ద వరాలే. సినా పేరు సెప్తావో మానేస్తావో నీ ఇష్టం. నువ్వు సెప్తే నాను కాదనను."

"అమ్మా!" అన్నాడు సింహాద్రి.

"ఊరుకో. లెక్కలు సదివింది అది."

వరాలు పీట మీద కూర్చుంది. కొడుకు ఆకాశంలోకి చూస్తున్నాడు. ఆమె మెలె వైపు చూసింది. మెలె ఒక్కసారి బతిమాలితే చాలు, సినా పేరు చెప్పేస్తాననుకుంది. మెలె తన తల్లి వైపు చూసింది. తల్లి ఒళ్లో ఆడుకుంటున్న బంగారి వైపు చూసింది. తర్వాత వంగి, పిల్లను నెమ్మదిగా తీసి తన ఒళ్లో కూర్చోబెట్టుకుంది. బంగారి అమ్మమ్మ దగ్గరికే పోతానని గింజుకుంది. మెలె వదల్లేదు.

గణకురాలు దడి తలుపు తీసుకుని లోపలికి వచ్చి, చిరునవ్వుతో అడిగింది. వరాలు గొంతు పెంచలేదు. తెలుగులో కూడా చెప్పలేదు. సినాకు సైతం అర్థమయ్యేలా దీవి భాషలో చెప్పింది.

"మా పొయ్యికి మేం ఆరుగురమే. అత్తగారు, నా భర్త, నేను, మా అబ్బాయి, కోడలు, మనవరాలు."