సున్నపు బట్టీలో చిన్న గౌను

మిట్టమధ్యాహ్నం... పన్నెండు దాటి నాలుగు నిమిషాలు.

వైశాఖమాసపు మార్తాండుడు నడినెత్తిన నిలబడి నిప్పులు కురిపిస్తున్నాడు. ఇస్నాపూర్ వీధుల్లో కుక్క కూడా కదలడం లేదు. చెట్టు నీడ చెట్టు మొదట్లోకే ముడుచుకుపోయింది. మనిషికి తన నీడ కూడా తోడురాని ఘడియ అది. సరిగ్గా ఆ ఘడియలో ఎక్కడినుంచో ఒక గుడ్లగూబ కూసింది.

పట్టపగలు... గుడ్లగూబ!

బొంబాయి రోడ్డు పక్కన వరసగా కట్టిన కిరాయి గదుల్లో మూడోదాని గడపమీద హైమావతి కూర్చుని ఉంది. ఇరవై నాలుగేళ్ల మనిషి, ఐదోనెల కడుపుతో ఉంది. ఆ కూత చెవిన పడగానే ఆమె ఒళ్లంతా కొయ్యబారింది. కనుగుడ్లు పైకి తేలిపోయాయి. వేళ్లు గడపను గీరుతుండగా గోళ్లలోంచి నెత్తురు చిమ్మింది. పెదవులు కదిలాయి. వెలువడిన కంఠం మాత్రం ఆమెది కాదు.

"అమ్మా... మంటగా ఉందమ్మా... నువ్వు రావేంటమ్మా..."

మూడేళ్ల పసిపిల్ల గొంతు అది. ఆ పిల్ల చనిపోయి అప్పటికి పది నెలలు.

ఎదురింటి అరుగుమీద బొంత కుట్టుకుంటున్న ముసలి బేగంబీ చేతిలో సూది ఆగిపోయింది. ఆమె చెంబుతో నీళ్లు పట్టుకుని వీధి దాటి వచ్చి హైమావతి ముఖాన చల్లింది. కాసేపటికి కనుగుడ్లు కిందికి దిగాయి.

"ఎన్ని దినాల సంది గిట్లయితుంది బిడ్డా?"

హైమావతి అన్నీ చెప్పింది.

ఆమె భర్త వీర్రాజు తణుకు దగ్గరి మనిషి. పటాన్‌చెరు వైపు కార్ఖానాలు లేస్తున్న రోజుల్లో ఫిట్టరు పని దొరికి, 1968లో భార్యాబిడ్డలతో ఇక్కడికి వచ్చాడు. ఒక్కతే కూతురు, వరాలు. పోయిన ఆషాఢంలో ఆ పిల్లకు విషజ్వరం తగిలింది. హైమావతి మూడు రాత్రులు రెప్ప వేయకుండా ఒళ్లో పెట్టుకు కూర్చుంది. నాలుగో తెల్లవారుజామున, గోడకు చేరగిలబడి, తనకు తెలియకుండానే కునుకు తీసింది. మెలకువ వచ్చేసరికి ఒళ్లో పిల్ల చల్లబడి ఉంది.

ఆ తర్వాత ఆమె సరిగా నిద్రపోలేదు. కళ్లు మూతపడితే ఉలిక్కిపడి లేచేది. తెల్లగుడ్డ చూస్తే గుండెలు దడదడలాడేవి. పిల్లను పాతిపెట్టేముందు ముఖం చూడమంటే చూడలేక పారిపోయి వచ్చింది. పిల్ల బట్టలూ ఆనాటి గుడ్డలూ వీర్రాజు సర్దిపెట్టిన రేకుపెట్టె మూత ఆమె ఎత్తనేలేదు. రెండోసారి కడుపు పండాక భయం రెట్టింపైంది. ఈసారి కూడా నిద్రపోతుంది... ఈ బిడ్డ కూడా పోతుంది...

గది కిరాయికిచ్చిన ఇంటామె ఇందిరమ్మ ఆమె అవస్థ చూడలేక, ఇంద్రేశం దారిలోని పాడుబడ్డ సున్నపు బట్టీలో ఉండే లింగం సంగతి చెప్పింది. మంత్రం వేస్తే భయం పోతుందని మంచికే చెప్పింది. హైమావతి వెళ్లింది. లింగం ఆమె కడుపువైపు ఒకసారి చూసి, "పిల్ల తొడుక్కున్న బట్ట తే. నీ భయం నేను తీసుకుంట," అన్నాడు. పెట్టెలో చేరక దండెంమీదే ఉండిపోయిన వరాలు పచ్చపూల గౌను ఆమె ఇచ్చి వచ్చింది. ఆ మరునాటినుంచే, ప్రతి మధ్యాహ్నం, ఈ గొంతు...

"గౌను ఇచ్చినవా?" బేగంబీ అడిగింది.

"ఇచ్చేశానండి. నిద్ర పడుతుందేమోనని ఆశపడ్డాను."

"భయం నీది బిడ్డా. దాన్ని వాని శేతుల వెడితివి. ఇగ దాన్నే పట్టుకొని వాడు నిన్ను గుంజుతుండు." ముసలామె చెంబు కింద పెట్టింది. "నాకు మంత్రాలు రావు. కుట్టుడొక్కటే వచ్చు. కలరా గత్తరొచ్చిన ఏడు నా ఇద్దరు కొడుకులు ఒక్క దినమే పోయిండ్రు. ఆల్ల అంగీలు రెండేండ్లు ముట్టలే. ముట్టకుంటె ఇంట్ల తిరగరాకపాయె. ఆకరికి ముంగటేసుకొని బొంత కుట్టిన. ఇయ్యాలకూ అదే కప్పుకొని పంట. ఆ పెట్టె ఏడున్నది?"

"నేను తెరవలేనండీ బీబమ్మగారూ."

"నువ్వు తెరువకు. నేను తెరుస్త. నువ్వు సూడు, సాలు."

అక్కడ, సున్నపు బట్టీలో ఏం జరుగుతోందో వాళ్లిద్దరికీ తెలియదు.

లింగం మామూలు భూతవైద్యుడు కాడు... కర్కోటకుడు. పిల్లలను పోగొట్టుకున్న తల్లుల భయమే వాడి ఆహారం! గోరీలు తవ్వి, పసికపాలాలను తెచ్చి, ఆ బిడ్డల బట్టలనే వాటికి చుట్టి, నల్లదారంతో ఏడు ముడులు బిగించి, ఆ పసిప్రాణాల ఆక్రందనను బంధించేవాడు. అలా ఏడుగురయ్యారు. వరాలు ఎనిమిదోది. తొమ్మిదో ఆహుతి ఇంకా పుట్టని బిడ్డది కావాలి. అమావాస్య మధ్యాహ్నం ఆ తల్లి తనంతట తాను బట్టీలోకి రావాలి. కపాలాన్ని చూసి, హడలి, వెనుదిరిగి పరుగెత్తాలి. ఆ పరుగుతో గర్భంలోని ప్రాణం వాడు కొలిచే క్షుద్రశక్తికి దక్కుతుంది. అప్పుడిక వాడికి ఎదురుండదు...

అమావాస్యకు పదకొండు రోజులుంది.

మొదటిరోజు పెట్టెలోంచి, పిల్ల పోయిన తెల్లవారుజామున హైమావతి కట్టుకున్న చీర బయటికి వచ్చింది. కొంగుమీద మందు ఒలికిన మరక అలాగే ఉంది. బేగంబీ చాపమీద పాత చీరలు రెండు పొరలుగా పరిచి, పైన ఆ కొంగుముక్క పెట్టింది. హైమావతి సూది పట్టుకుంది. పదిసార్లు వేలికి గుచ్చుకుంది. పన్నెండు దాటగానే గుడ్లగూబ కూసింది. ఆమె ఒళ్లు బిగుసుకోవడం మొదలైంది.

"శెయ్యి ఆపకు," బేగంబీ ఆమె మణికట్టు పట్టుకుంది. "పిల్ల పిలుస్తుంది గద, జవాబియ్యి. కుట్టుకుంటనే మాట్లాడు."

"వరాలూ..." హైమావతి సూది వదలలేదు. "ఇక్కడే ఉన్నానే. నీ మందు ఒలికిన చీరే కుడుతున్నాను."

కనుగుడ్లు పైకి తేలబోయి ఆగాయి. సూది మరో కుట్టు వేసింది.

బట్టీలో లింగం తుళ్లిపడ్డాడు. బిగించిన నల్లదారం వదులైనట్లు తోచింది వాడికి!

మర్నాడు పొద్దున చూస్తే బొంతకుట్లన్నీ తెగిపోయి ఉన్నాయి. ఎవరో పళ్లతో కొరికినట్టు... తడి కూడా ఆరలేదు. హైమావతి మళ్లీ కుట్టింది. ఆ మర్నాడు బొంతలో చచ్చిన కాకి దొరికింది. దాన్ని తీసి పారేసి, గుడ్డ ఉతికి ఆరవేసి, మళ్లీ కుట్టింది. ఇంకోరోజు దారం తలవెంట్రుకలుగా మారి వేళ్లకు చుట్టుకుంది. అరిచి విసిరికొట్టింది. సాయంత్రానికి కొత్త ఉండ విప్పి మళ్లీ కూర్చుంది. పిల్ల తలగడ గలీబు, పాలు తుడిచిన తువ్వాలు, వానలో తడిసిన చిన్న లంగా... ఒక్కొక్కటే బొంతలో చేరాయి.

పెట్టె అడుగున ఇంకొకటి మిగిలింది. శవానికి కప్పడానికి చింపగా మిగిలిన తెల్లగుడ్డ. దాన్ని ఆమె నాలుగు రోజులు ముట్టుకోలేకపోయింది. అది గదిలో ఉంటే తాను వాకిట్లో తిరిగేది. అన్నం సహించేది కాదు. కూర్చోలేదు, నిలవలేదు. అయిదోరోజు, రాత్రి షిఫ్టు చేసి పొద్దున్నే ఇంటికి వచ్చిన వీర్రాజుకు, భార్య ఆ తెల్లగుడ్డను ఒళ్లో పెట్టుకుని కనిపించింది.

"అదెందుకు హైమా. పారెయ్యి."

"పారేస్తే ఎక్కడికి పోతుందండీ?"

అతను సైకిలు గోడకు ఆనించి పక్కన కూర్చున్నాడు. చేతులకు గ్రీజు మరకలు. ఆ చేతులతోనే పిల్లను గోతిలో దించాడు.

"మీరు చూశారు కదండీ, ఆఖర్న. దాని మొహం ఎలా ఉంది?"

"పడుకున్నట్టే ఉంది. నీ ఒళ్లో పడుకున్నప్పుడు ఎలా ఉండేదో అలాగే." అతను తెల్లగుడ్డ అంచు పట్టుకున్నాడు. "నువ్వు నిద్రపోయావని నేనెప్పుడూ తప్పు పట్టలేదు హైమా. ఆ పక్కనే నేను కూడా నిద్రపోయాను."

పది నెలల్లో మొదటిసారి హైమావతి పెద్దగా ఏడ్చింది. ఏడుస్తూనే తెల్లగుడ్డను బొంతకు కుట్టేసింది. తర్వాత ఆ బొంతమీదే ఒరిగి నిద్రపోయింది. మధ్యాహ్నం పన్నెండు దాటింది. గుడ్లగూబ కూసింది. ఆమె లేవలేదు.

మరునాడు, చతుర్దశి. లింగం స్వయంగా వీధిలోకి వచ్చాడు. నిలువెల్లా బూడిద... చింతనిప్పుల్లాంటి కళ్లు... వాడి వెనక నేలమీద నీడ లేదు!

"రేపు పగటేల బట్టీకి రావాలె. ఒక్కదానివే. రాకుంటె నీ బిడ్డ పుర్రె, బొక్కలు నిప్పుల్ల వేస్త. యుగాలు మొత్తుకుంటనే ఉంటది."

"వస్తాను," అంది హైమావతి.

వాడు వెళ్లిపోయాక బేగంబీ ఆమె భుజం పట్టుకుంది. "నిజంగ పోతవా?"

"గౌను తెచ్చుకోవాలండి. బొంతలో దాని మేరకు ఖాళీ ఉంచాను."

అమావాస్య... మిట్టమధ్యాహ్నం... పడమటినుంచి ప్రళయంలా గాలిదుమ్ము లేచింది. సూర్యబింబం మసకబారి రాగిచెంబు రంగుకు తిరిగింది. ఉరుములు దిక్కులను పగలగొడుతున్నాయి. వీర్రాజు డ్యూటీలో ఉన్నాడు. చెబితే లింగంమీదికి కర్ర పట్టుకు పోతాడని హైమావతి చెప్పలేదు. బొంత భుజాన వేసుకుని ఆమె నడుస్తుంటే, వద్దన్నా వినకుండా బేగంబీ వెంట వచ్చింది. బట్టీ ముఖద్వారం దగ్గర సుడిగాలి ఒకటి లేచి ముసలామెను వెనక్కి విసిరేసింది. హైమావతి ఒక్కతే లోపలికి అడుగుపెట్టింది.

గుండ్రటి రాతిగోడలు మసిబారి ఉన్నాయి. గోడకు తొమ్మిది గూళ్లు. ఏడింటిలో కుంకుమ పూసిన పసికపాలాలు, ఒక్కొక్కదానికి చుట్టిన చిన్న చిన్న బట్టలు. ఎనిమిదో, తొమ్మిదో గూళ్లు ఖాళీ... మధ్యలో గొయ్యినిండా ఏనాడో చల్లారి గడ్డకట్టిన సున్నం. దాని అంచున కూర్చుని లింగం బీజాక్షరాలు వల్లిస్తున్నాడు. వాడి ముందు పచ్చపూల గౌను చుట్టిన కపాలం!

"హ్రీం... క్రీం... హుం..."

కపాలం దవడ కదిలింది. దానిచుట్టూ జ్వాల లేచింది. జ్వాలలోంచి మూడేళ్ల పిల్ల ఆకారం... కళ్లుండాల్సినచోట రెండు అంధకారబిలాలు... మూరెడు గోళ్లు... తల్లివైపు పాకుతూ వచ్చింది.

"సూడు," లింగం వికటంగా నవ్వాడు. "నీ బిడ్డ మొకం సూడు. సూసి ఉరుకు. అందరు ఉరికినోల్లే."

హైమావతి కడుపులో బిడ్డ గిలగిల్లాడింది. ఆమె ప్రాణమంతా వెనక్కి, వెలుగులోకి, పారిపొమ్మంటోంది... ఆమె నేలమీద కూలబడింది. పారిపోలేదు. బొంతను ముందు పరిచింది. తల ఎత్తి, ఆనాడు చూడలేకపోయిన ముఖాన్ని, రెప్ప వేయకుండా చూసింది.

"ఇలా రా వరాలూ. గౌను విప్పుతాను. చెమట పట్టేసింది."

ఆ ఆకారం ఆగింది.

ఆమె నిప్పులోకి చేయి పెట్టి కపాలాన్ని ఒళ్లోకి తీసుకుంది. అరచేతులు బొబ్బలెక్కాయి. నల్లదారాన్ని పంటితో పట్టి కొరికింది. ఒక ముడి తెగింది... రెండు... లింగం గొంతు ఆకాశాన్నంటింది. వాడి చేతుల్లోంచి పొగ, బూడిద, రక్తపు జల్లు లేచి ఆమెను కప్పేశాయి. ఆమె తల ఎత్తలేదు. ఏడో ముడి తెగింది. గౌనును బొంతలోని ఖాళీలో పరిచి సూది గుచ్చింది. సూది ఎర్రగా కాలింది. అయినా కుట్టింది. నాలుగు అంచులూ కుట్టి ముడి వేసింది.

నిశ్శబ్దం... గాలి ఆగింది, ఉరుము ఆగింది. జ్వాల ఆరిపోయింది. ఎదురుగా మామూలు పిల్ల, బరువెక్కిన రెప్పలతో నిలబడి ఉంది.

"అమ్మా, నిద్రొస్తోంది."

"పడుకో తల్లీ. నేను ఇక్కడే ఉంటాను."

పిల్ల లేదు. ఒళ్లో కపాలం, దానిచుట్టూ బొంత.

అప్పుడు ఆ ఏడు గూళ్లలో బట్టలు కదిలాయి. ఏడు కంఠాలు ఒక్కసారి ఏడ్చాయి. నల్లదారాలు వాటంతటవే పటపటా తెగిపోయాయి. ఆహుతికోసం నోరు తెరిచిన క్షుద్రశక్తికి ఆ బట్టీలో భయపడే ప్రాణి ఒక్కటే మిగిలింది... లింగం! వాడు లేచి పరుగెత్తబోయాడు. ఇన్నాళ్లూ లేని వాడి నీడ, సున్నపుగోతిలోంచి లేచి, రెండు చేతులా వాడి కాళ్లు పట్టుకుంది. వాడు గోతిలో పడ్డాడు. కప్పురాళ్లు విరిగిపడి, పైనుంచి కుండపోతగా వాన దూకింది. ఏళ్లనాటి చచ్చిన సున్నం భగభగమని ఉడికింది. తెల్లటి ఆవిరిలో వాడి అరుపు కాసేపు వినిపించింది... ఆ తర్వాత వాన చప్పుడు మాత్రమే.

బేగంబీ మోకాళ్లమీద పాక్కుంటూ వచ్చి హైమావతిని బయటికి లాగింది.

సాయంత్రం వీర్రాజు మళ్లీ గొయ్యి తవ్వాడు. ఈసారి హైమావతి పక్కనే నిలబడి, బొంత అంచు సర్ది, మొదటి పిడికెడు మట్టి తానే వేసింది. మరునాడు వీర్రాజు, కార్ఖానాలో తోటివాడు కొమురయ్య కలిసి రాళ్లు తొలగించి, ఆ ఏడు కపాలాలనూ బయటికి తెచ్చి మట్టిచేశారు. వాటిమీది బట్టలను హైమావతి ఉతికి తన వాకిట్లో తాడుమీద ఆరవేసింది.

ఆ నోటా ఈ నోటా మాట పాకింది. ఇంద్రేశంనుంచి, హత్నూరనుంచి ఆడవాళ్లు వచ్చారు. కొందరు బట్ట గుర్తుపట్టి అక్కడే కూలబడి ఏడ్చారు. కొందరు కొంగులో దాచుకుని వెళ్లిపోయారు. చివరికి తాడుమీద ఒకే ఒక్క ఎర్రచొక్కా మిగిలింది. దానికోసం హత్నూర మల్లమ్మ మూడు రోజులు వచ్చి, వాకిట్లో నిలబడి చూసి, వెళ్లిపోయింది.

నాలుగోరోజు ఆమె తాడు దగ్గరిదాకా వచ్చింది.

"మా పోరనిదే. ముట్టుకుంటె ఏమైతదక్కా?"

"ఏడుపొస్తుందమ్మా," అంది హైమావతి.

మల్లమ్మ చొక్కా తీసుకుంది.