లాకుల దగ్గర స్టాపు

గోవిందరాజులు గారు మర్యాదస్తుడు. ఎవర్నైనా "అండీ" అనే పిలుస్తాడు, తిట్టాల్సొచ్చినా అండీ చేర్చే తిడతాడు. ఎవరేమడిగినా ముందు ఒప్పుకున్నట్టు "ఆయ్" అనేసి, ఆ తర్వాత అడిగిందేమిటా అని ఆలోచిస్తాడు. కోనసీమలో ఆయ్ అనడానికి బుర్రతో పనిలేదు, నోరుంటే చాలు.

ఆయనకు గిట్టనిదల్లా ఒక్కటే, గుమ్మం ముందు బస్సు స్టాపు. బస్సు కోసం వచ్చే కూలిజనం ఆయన అరుగు మీదే కూర్చునేవారు. ఎలీసమ్మ అనే నడివయసు మనిషి వచ్చినవాళ్ళందరికీ జరిగి జరిగి చోటిచ్చేది. జరిగినప్పుడల్లా ఆమె మట్టిగాజులు గలగలమనేవి. ఆ చప్పుడుకి ఆయనకు ఒళ్ళు మండేది. చివరికి నలుగుర్నీ కూడగట్టి, స్టాపుని ఊరి బయట కాలవ లాకుల దగ్గరికి మార్పించేశాడు.

అక్కడ దీపం లేదు. గట్టు ఒట్టి జారుడు. పోయిన వానాకాలం, బస్సు కోసం నిలబడ్డ ఎలీసమ్మా, ఆమెతో ఉన్న మరో ఇద్దరు ఆడకూలీలూ ఎదురొచ్చిన లారీకి దారివ్వబోయి కాలవలోకి జారి చనిపోయారు.

ఈ చలికాలంలో ఒకరోజు పొద్దున పంచాయతీలో మళ్ళీ స్టాపు మాటే వచ్చింది. స్టాపు పాతచోటికే తెద్దామన్నారు. గోవిందరాజులు ససేమిరా అన్నాడు.

"నా గుమ్మంలోకి తెస్తే పోయినోళ్ళు తిరిగొస్తారాండీ?" అనడిగాడు.

స్టాపు లాకుల దగ్గరే ఉండిపోయింది.

ఒక్క బాధ మాత్రం ఆయనకూ తప్పలేదు. కూతురు లక్ష్మీదుర్గ హాస్టలు మానేసి, ఈ మధ్యే ఇంటి నుంచి అమలాపురం కాలేజీకి తిరుగుతోంది. సందెవేళ ఆయనే వెళ్ళి లాకుల దగ్గర్నుంచి బండి మీద తెచ్చుకోవాలి. తల్లి లేని పిల్ల. ఆ పిల్లంటే ఆయనకు పంచప్రాణాలు.

ఆ సాయంత్రం మంచు తొందరగా దిగింది. కొబ్బరితోటలు మసకబారి, కాలవ ఎక్కడుందో గట్టు ఎక్కడుందో తెలియకుండా పోయింది. లాకు తలుపుల సందుల్లోంచి నీళ్ళు కారుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. గోవిందరాజులు స్టాపు బోర్డు పక్కన బండి ఆపి, దాని మీదే కూర్చుని, బస్సు లైట్ల కోసం రోడ్డు వైపు చూస్తున్నాడు.

వెనక నుంచి నాచు వాసన వచ్చింది. కుళ్ళిన గుర్రపుడెక్క వాసన కూడా.

"బస్సు ఇక్కడే ఆగుద్దాండీ?" అని ఎవరో మెల్లగా అడిగారు.

"ఆయ్," అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే.

"ఒకటే చీకటండీ. కాలు జారుద్దండీ ఇక్కడ."

"ఆయ్."

"పోనీ... మీ అరుగు మీదికే వచ్చి కూర్చోమంటారా బాబుగారండీ?"

"ఆయ్..."

మాట నోరు దాటాక గాని గొంతు ఎవరిదో తట్టలేదు. ఎలీసమ్మది. తిరిగి చూశాడు.

ఎవరూ లేరు.

తడి పాదాల గుర్తులు మాత్రం ఉన్నాయి. కాలవలోంచి గట్టెక్కి, ఆయన పక్కగా వచ్చి... ఊళ్ళోకి వెళ్ళాయి. ఒక్కరివి కావు.

అంతలో బస్సు వచ్చింది. చెయ్యెత్తాడు. ఆగలేదు. మంచులో ఆయన్ని దాటుకుని ఊరి వైపు దూసుకుపోయింది. గోవిందరాజులు బండి తిప్పి, దాని వెనకే పడ్డాడు. దేవుడా, నా పిల్ల... ఆ ఒక్కమాటే దారంతా అనుకున్నాడు.

బస్సు ఆయన ఇంటి ముందే ఆగి ఉంది. లక్ష్మీదుర్గ క్షేమంగా గేటు దగ్గర నిలబడి ఉంది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

కండక్టరు అంజిబాబు తల బయటపెట్టాడు. "ఏంటండీ ఇది? మంచులో లాకుల స్టాపు కనపడక దాటొచ్చేశామండీ. ఇక్కడ స్టాపొద్దని మీరే అన్నారంట. మళ్ళీ మీ అరుగు మీద ఆడోళ్ళు కూర్చుని చెయ్యెత్తుతుంటే ఆపకుండా ఎలా పోతామండీ?"

"ఏ ఆడోళ్ళండీ?"

అంజిబాబు అరుగు వైపు చూశాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. "రైట్... రైట్..." అన్నాడు సగం గొంతుతో. బస్సు వెళ్ళిపోయింది.

అరుగు ఖాళీగా ఉంది. కాని మనుషులు కూర్చుని లేచినట్టు మూడుచోట్ల తడిసి ఉంది. నాచు వాసన ఇక్కడా వస్తోంది.

"లోపలికి పదమ్మా," అన్నాడు గోవిందరాజులు, కూతురి చెయ్యి పట్టుకుని. ఆ చెయ్యి తడిగా ఉంది.

"ఎవరో ఆవిడ పట్టుకుంది నాన్నా. బస్సు దిగేసరికి ఎదురొచ్చింది. పాపం, ఎంత చల్లగా ఉన్నాయో చేతులు. రేపు సందేళ లాకుల దాకా తోడొస్తావా అమ్మా అనడిగింది."

ఆయన ఆ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"నువ్వు... నువ్వేమన్నావు తల్లీ?"

లక్ష్మీదుర్గ విచిత్రంగా చూసింది. "పెద్దావిడ అడిగితే ఏమంటాం నాన్నా? ఆయ్ అన్నాను."

ఖాళీ అరుగు మీద గాజులు గలగలమన్నాయి... ఎవరో కాస్త జరిగి, పక్కన చోటిచ్చినట్టు.