తడవని చేతులు

"సున్నా," అంది జలనేత్రం.

కొండవాగు నీలిగెడ్డ మడుగులో పాతిన ఆ స్తంభం తెల్లారినప్పటి నుంచి అదే పాట పాడుతోంది. దేశంలో ఇప్పుడు ఇలాంటి స్తంభం లేని నది లేదు. సన్నని ధ్వనితరంగాలు పంపి, దరిదాపుల్లో కదిలే ప్రతి చేపనూ లెక్కపెడుతుంది. మూడేళ్లు వరసగా సున్నా వస్తే ఆ నీటికి రక్షణ పోతుంది. నీలిగెడ్డకు ఇది మూడో ఏడు, ఇవాళ ఆఖరి రోజు. అధికారి వేలిముద్ర పడగానే గెడ్డ మొత్తాన్ని కొండ సొరంగంలోకి, కరెంటు కోసం మళ్లించేస్తారు.

జలనేత్రం కావాలని ఒకప్పుడు ధర్నా చేసింది గెడ్డ రక్షణ సంఘం పెద్ద పాంగి రుక్మిణే. నాటుబాంబులతో చేపల్ని చంపేవాళ్ల పీడ దానితోనే విరగడైంది. ఇప్పుడు అదే ఆమె కొంప ముంచేలా ఉంది.

"దాని మోత మనకు వినబడదు సార్, చేపకు వినబడుతుంది," అంది ఆమె గాలపు కర్రకు దారం ఎక్కిస్తూ. "వీధిలో పోలీసు జీపు పెట్టి, ఈ ఊళ్లో జనమే లేరంటే ఎలాగండి?"

అధికారి నిశాంత్ నవ్వాడు. మంచివాడే. నదులంటే ప్రాణం. సెలవురోజుల్లో ఇంట్లో కూర్చుని ఛాయాగాలంతో చేపలు పడతాడు. అందులో కర్ర నిజంగానే గుంజుతుంది, ఎదురుగా గోడమీద చేప ఎగురుతుంది, ఏ ప్రాణికీ నొప్పి ఉండదు. నిజం చేపను మాత్రం అతను ఎన్నడూ ముట్టుకోలేదు.

"ఫొటో తీస్తే సరిపోదా రుక్మిణిగారూ?"

"ఎవరు పడితే వాళ్లు బొమ్మలు పుట్టిస్తున్న రోజులు సార్. ఫొటో చెల్లదు, మనిషి మాటా చెల్లదు. చేపనే పట్టి స్తంభం దాకా నడిపించుకొస్తాను. అప్పుడు లెక్కపెట్టక చస్తుందా?"

ఆమె చేతిలో ఉన్నది ఈకపురుగు. కోడి ఈకను ఎర్రదారంతో కొక్కేనికి చుట్టి చేసింది. గాయం పెద్దది కాకుండా కొక్కెం వెనకముల్లును ముందే అరగదీసింది. దారాన్ని వెనక్కి విసిరి, అది గాలిలో చాచుకునేదాకా ఆగి, ముందుకు వదిలింది. ఈకపురుగు బండ నీడలో మెత్తగా వాలింది. ఏమీ లేదు. మళ్లీ విసిరింది.

నీళ్లు భళ్లున పగిలాయి.

"పట్టింది! సార్, పట్టింది!"

కర్రకున్న దారపు చక్రం కీచుమంటూ తిరిగింది. కర్ర విల్లులా వంగిపోయింది. బండల మీద రుక్మిణి ఇటు పరుగు, అటు పరుగు. నిశాంత్ గుండె ఆమెకన్నా ముందు పరిగెడుతోంది. "వదలకండి, వదలకండి" అని చిన్నపిల్లాడిలా గంతులేస్తున్నాడు. చివరికి అలసిన చేప లోతులేని నీటిలోకి వచ్చింది. మాసీర్! రూపాయి బిళ్లలంత బంగారు పొలుసులు, చేయంత పొడవు. స్తంభం ఇంకా పది బారల దూరంలో ఉంది.

నిశాంత్ ఆగలేకపోయాడు. బూట్లతోనే నీళ్లలోకి దూకి రెండు చేతులా చేపను వాటేసుకున్నాడు.

"ముట్టుకోకండి! ముందు చేతులు తడపండి!"

ఆలస్యమైపోయింది. చేప ఒక్క విదిలింపు విదిల్చింది. కొక్కెం ఊడింది. బంగారు మెరుపు లోతులోకి జారిపోయింది.

"పొడిచేతులతో పడతారా ఎవరైనా!" అంది రుక్మిణి ఖాళీ కొక్కేన్ని లాక్కుంటూ. "ఒంటి జిగురే దానికి చొక్కా సార్. ఊడబీకేశారు."

"సున్నా," అంది జలనేత్రం.

నిశాంత్ జిగటగా మెరుస్తున్న తన అరచేతులను చూసుకున్నాడు. "ఎంత బలం! నా చేతుల్లో కొట్టుకుంది రుక్మిణిగారూ. నేను చూశాను. చెల్లినా చెల్లకపోయినా చేప ఉందనే ముద్ర వేస్తాను."

అతను మెడలో వేలాడుతున్న, జలనేత్రానికి లెక్క అందించే వేలిపలక మీద బొటనవేలు నొక్కాడు. వేలు అసలుదా, బొమ్మవేలా అని తేల్చడానికి ఆ పలక చర్మం మీది జీవకణాలు చదువుతుంది. ఎప్పుడూ క్షణంలో ఒప్పుకునేది, ఈసారి చాలాసేపు ఆలోచించింది.

"ఈ వేలి మీద రెండు ప్రాణులున్నాయి," అంది చివరికి. "ఒకటి అధికారి నిశాంత్. రెండోది అడవి మాసీర్. కణాలు ఇప్పటివి, సజీవం."

స్తంభం మీది అంకె ఒకటిగా మారింది. రక్షణ దీపం పచ్చగా వెలిగింది.

రుక్మిణి కర్ర విసిరేసి కేక పెట్టింది. ఆ కేకకు కొండ కూడా బదులు పలికింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. "మీరు తడుపుకుని ఉంటే జిగురు అంటేది కాదు, ఈపాటికి గెడ్డ పోయేది సార్!"

నిశాంత్ మాత్రం మడుగునే చూస్తున్నాడు. "దానికి బాగా నొప్పి పెట్టానా?"

"నాలుగు రోజుల్లో జిగురు మళ్లీ పడుతుందిలెండి. ఇక పదండి, పనైపోయింది కదా."

అతను కదల్లేదు. మోకాళ్ల మీద కూర్చుని, మోచేతుల దాకా రెండు చేతులూ గెడ్డలో ముంచాడు. నీళ్లు ఐసులా ఉన్నాయి. అయినా తీయలేదు.

"ఇంకొక్కసారి విసరండి రుక్మిణిగారూ," అన్నాడు పళ్లు టకటకలాడుతుండగా. "ఈసారి చేతులు తడిపే ఉంచాను."