మనంలో లేని మనిషి

వర్ధని ముందు ఆకలిని తీసేసింది. తర్వాత కుడి మోకాలి సలుపును తీసింది. తడిబట్ట ఒరుసుకుని కాళ్ల మీద రేగిన మంట అంత తేలిగ్గా రాలేదు, అది భయంతో అల్లుకుపోయి ఉంది. రెండింటినీ విడదీసి, మంటను పారేసి, భయాన్ని పలచన చేసి, మిగిలినదానికి పట్టుదల అని పేరు పెట్టింది.

వడగట్టు గదిలో కిటికీలు లేవు. ఆమె తలకు వెండిదారాల పట్టీ ఉంది. ఆ పట్టీకి అందే మనసు చాలా దూరాన, మునిగిపోయిన ఊళ్ల మీదుగా పోతున్న పడవలో ఉంది. పడవ ముందు కొసన ఒక బావురుపిల్లి కూర్చుంటుంది. నడిపేది అపరాజిత. నీళ్లలో చిక్కుకున్నవాళ్లను వెతికి మెట్టలకు చేర్చేది ఆమే. ఆమె మనసు, పిల్లి మనసు జంటధారగా కలిసి ఈ గదికి వస్తాయి. వాటిని వడగట్టి, మాటల్లో పెట్టి, అపరాజిత గొంతుతో మెట్టల మీది జనానికి వినిపించడం వర్ధని పని. పొద్దుగూకే వేళ ఆ గొంతు వినపడకపోతే అక్కడి పిల్లలు అన్నం ముట్టరు.

మెట్టల మీద గోడగోడకూ అపరాజిత బొమ్మ ఉంది. ఎంత వానలోనూ ఆమె జడ తడవదు. పక్కన పిల్లి పులంత ఉంటుంది. ఆమె అసలు పేరు కోటమ్మ అని ఇప్పుడు వర్ధనికీ పిల్లికీ తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

ఈ పనిలో చేరాక వర్ధనికి ఒక అలవాటు పట్టుకుంది. ఇంట్లో కత్తిపీట మీద వేలు తెగినా, ఆ నొప్పికి ఏం పేరు పెట్టాలా అని ఆలోచిస్తూ నిలబడిపోయేది. ఏడుపు వస్తే అది ఎవరిదో తేల్చుకోలేక మింగేసేది.

పర్యవేక్షకుడు సదాశివం టీ గ్లాసుతో లోపలికి వచ్చాడు.

"ఏమ్మా, మన మహాతల్లి ఎలా ఉంది?"

"జ్వరమండి. చేతులు తెడ్డు మీద నిలవట్లేదు."

"బాగుంది! దేవతలకి జలుబు చేస్తుందని ఎక్కడైనా విన్నావా?" అని నవ్వాడు. "ధార నిలకడగా ఉందనిపించు, చాలు. అది వినగానే పైగదివాళ్లు పాతరేవుకి పంపిస్తారు. అక్కడ డాబాల మీద జనం ఉన్నారంట."

"ఉప్పెన వస్తోంది కదండీ. ఇలాంటి ఒంటితో పంపితే తిరిగి రాదు. ఇంకెవరినైనా పంపొచ్చుగా?"

"పడవలు ఉన్నాయమ్మా, ఎక్కేవాళ్లేరీ? అపరాజిత ఉండగా మనమెందుకంటారు."

పట్టీలో పిల్లి కదిలింది.

మేము వణుకుతున్నాం.

ఆమె ఉలిక్కిపడింది. పిల్లి తలపులు మాటలుగా రావు. తడి, వాసన, చూపు తిరిగిన దిక్కు, అంతే. కానీ దిక్కు ఎప్పుడూ ఒకటే. పిల్లి కోటమ్మ వైపు తిరిగి తలుస్తుంది, కోటమ్మ పిల్లి వైపు తిరిగి తలుస్తుంది. వాళ్ల మధ్య ఉన్నదంతా మనం. ఆ మనాన్ని నేనుగా మార్చడం వర్ధనికి మొదటి రోజే నేర్పారు.

"మేము అంటోందండీ ఇవాళ."

"పిల్లికి వ్యాకరణమేంటమ్మా? దిద్దేసెయ్."

అది తప్పు కాదని వర్ధనికి తెలుసు. కోటమ్మతో అయితే మనం అనేది. మేము అందంటే ఎదురుగా మూడో మనిషి ఉన్నట్టు. ఆ పడవలో మూడో మనిషెవరూ లేరు.

ఇన్నాళ్లూ తాను గోడలాంటిదాన్ననుకుంది. గోడ వైపు తిరిగి ఎవరూ మాట్లాడరు. పిల్లి ఇప్పుడు నేరుగా ఆమెనే చూస్తోంది.

రోజూ వచ్చి మా నొప్పి తీసుకుపోతావు. అయినా మాకు నొప్పి తగ్గదు. ఎక్కడ పెడుతున్నావు?

ఎదుట ఎర్రదీపం వెలిగింది. మెట్టలన్నీ వింటున్నాయి. వర్ధని గొంతుమార్పు మీట కిందికి దించేసింది. అరువు గొంతు పోయి, తన సొంత గొంతు, కాస్త బొంగురుగా, బయటికి వచ్చింది.

"ఇది అపరాజిత మాట కాదండీ. కోటమ్మ మాట. మాకు జ్వరం. కాళ్లు ఒరుసుకుపోయి మండుతున్నాయి. మాకు భయమేస్తోంది. పాతరేవులో మనుషులున్నారు. మేము అక్కడిదాకా వెళ్లలేం."

సదాశివం చేతిలో టీ ఒలికింది. ఒక్క అంగలో వచ్చి ప్రసారం మీట కట్టేశాడు.

"ఏం చేశావమ్మా! ఇప్పుడు మెట్టల మీద ఎవరి కంటికి కునుకు పడుతుంది?"

ఆ లోపే మెట్టల మీది గొంతులను గదికి తెచ్చే తిరుగుతీగ మోగడం మొదలైంది. మొదట ఒక మగ గొంతు: "ఎవర్తివే నువ్వు? మా అపరాజితమ్మ ఏదీ?" దాని వెనక పిల్లల ఏడుపు. ఇంకెవరో శాపనార్థాలు పెట్టారు. పైగది గంట ఆగకుండా మోగింది. తన పని పోయిందని వర్ధనికి అర్థమైంది. పోయింది పని ఒక్కటే కాదు, ఆ జనం పట్టుకు వేలాడే కొమ్మ కూడా. కొమ్మ విరిచింది తానే.

చాలాసేపటికి ఒక ముసలి గొంతు, దగ్గుతూ వచ్చింది.

"ఇదిగో అమ్మాయ్, ఉన్నావా? ఆ పిల్లని కాళ్లకి కొబ్బరినూనె రాసుకోమను. ఎనక్కి వచ్చెయ్యమను. పాతరేవు దారి మావోడికి ఎరికే. మా పడవ తాడు కుళ్లిపోయింది గానీ... సూత్తాం."

సదాశివం పైగది గంట వైపు చెయ్యి చాచాడు. అంతలోనే ఆపేశాడు. ఆ ముసలి గొంతు వచ్చిన వైపే చూస్తూ ఉండిపోయాడు.

వర్ధని పట్టీ తియ్యలేదు, ఆ మాటల్ని పిల్లి వైపు తిరిగి తలిచింది. అవతల గాలి పెరిగింది. పడవ మెల్లగా, చాలా మెల్లగా, వెనక్కి తిరుగుతోంది. చేరుతుందో లేదో చెప్పడానికి లేదు. పాతరేవు డాబాల మీద నీళ్లు ఎంతవరకు వచ్చాయో తెలియదు.

పిల్లి నుంచి ఒక్క తలపు వచ్చింది.

మనం.

అందులో ఎంతమంది ఉన్నారో ఆమె అడగలేదు. కుడి మోకాలు సలుపుతోంది. అది ఎవరిదో తేల్చుకోకుండా, దాన్ని ఉన్నచోటే ఉండనిచ్చింది.