గోడలో చప్పుడు

పొద్దున్నే పాలు కాచడానికి లేచిన కోడలు ఉయ్యాల్లోకి చూసి కెవ్వుమంది. పాప కాలి బొటనవేలి మీద ఎర్రగా పంటి గాట్లు.

ఆస్పత్రిలో పాపకు సూది వేయించి భార్యాభర్తలు తిరిగొచ్చేసరికి పక్కింటావిడ మెట్ల మీదే కాచుకుని ఉంది.

“ఎలకల డాక్టరుగారి పాపనే ఎలుక కొరికిందటగా! ఇక మా గతేమిటి నాయనా?”

అతను పాపను ఎత్తుకుని ఇంట్లోకి నడిచాడు. నగరపాలక సంస్థలో ఎలుకల నివారణ అతని పని. వాళ్ళుండేది రేవు వెనక ఇరుకు వీధిలో. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు, మధ్యలో మురుగు కాలువ, చివర చేపల గోదాములు. వీధంతా మందు ఉండలు పెట్టించాడు. వేరే తిండి దొరికితే ఎలుకలు మందు ముట్టవని, ఎంగిలి మెతుకు కూడా బయట వదలొద్దని ఇంటింటికీ తిరిగి బతిమాలాడు. అందరిళ్ళ దగ్గరా ఉండలు ఖాళీ అవుతున్నాయి, తన పెరట్లో తప్ప.

“మనింట్లోనే ఎక్కడో వాటికి విందు జరుగుతోంది,” అన్నాడు భార్యతో.

వెతగ్గా వెతగ్గా వెనక గదిలో దొరికింది. గోడ కన్నం ముందు కంచం, నాకి కడిగినట్టుగా. ఆ గది అతని తమ్ముడిది. కిందటేడు చేపల పడవ మీద వెళ్ళి తిరిగి రాని తమ్ముడిది. శవం కూడా దొరకలేదు.

“ఇదేమిటత్తయ్యా?” వెనకే వచ్చిన అత్తగారికి కంచం ఎత్తి చూపింది కోడలు.

“వాడికి,” అంది అత్తగారు తలెత్తకుండా. “ఎప్పుడూ పొద్దుపోయేగా వచ్చేది. అన్నం మూసిపెట్టకపోతే అలిగేవాడు.”

“తింటున్నవి ఎలుకలు! అవే నా బిడ్డను కొరికాయి!”

“నాకు తెలీదనుకున్నావా? గోడలో గీకుతుంటే వినబడదా? ఎలుకలే. కానీ తెల్లారి ఖాళీ కంచం చూస్తే, వచ్చి తిని పడుకున్నాడనిపిస్తుందే తల్లీ. ఆ కాసేపే నేను బతికుండేది.”

“పోయినవాడికి పెట్టి, ఉన్నదాన్ని ఎలుకల పాలు చేస్తారా?”

గడప మీద కూలబడిన కొడుకు మెల్లగా అన్నాడు: “అమ్మా, నేనూ కాలవలన్నీ తిరిగి పొద్దుపోయే వస్తున్నాను. ఏనాడైనా నాకు మూసిపెట్టావా?”

ఆమె కొడుకు వంక చూసింది. మందు పొడికి పగిలిన వేళ్ళు, చెంపల దగ్గర నెరిసిన జుట్టు. అది ఎప్పుడు నెరిసిందో ఆమెకు తెలియదు. పాప పాదం అందుకుని కళ్ళకద్దుకుంది. కోడలు పాపను వెనక్కి లాక్కోలేదు.

కంచం పెట్టడం ఆగింది. ఆకలికి ఎలుకలు ఉండలు తిన్నాయి. గోడలో గీకుడు పలచబడి, పలచబడి, బొత్తిగా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి అత్తగారు ఉలిక్కిపడి లేచి కూర్చునేది.

ఇక కన్నం మూసెయ్యాలి. ఓ సాయంత్రం అతను ఇనపతీగ చుట్ట పక్కన పెట్టుకుని సిమెంటు కలిపాడు.

“ఒక్క క్షణం ఆగరా,” అంటూ తల్లి గోడ పక్కన చతికిలబడింది. కన్నంలోంచి ఉప్పుగాలి చల్లగా ముఖానికి తగిలింది. పెదవులు అక్కడికి చేర్చి, చంటిబిడ్డకు చెప్పినట్టు చెప్పింది.

“పడుకో నాన్నా. ఇక లేవకు.”

అతను మోచేత్తో కళ్ళు తుడుచుకుని, తీగ కుక్కి, సిమెంటు మెత్తాడు. అది తడారేదాకా ఆమె గోడకు చెవి ఆనించే ఉంది. ఏమీ వినిపించలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

“కాళ్ళు కడుక్కురారా పెద్దోడా. అన్నం వేడిగా ఉంది.”