ఇద్దరికీ కలిపి ఒక వేపుడు

ఆదివారం మధ్యాహ్నం విశాఖ రేవు పక్కనున్న ‘లంగరు’ పబ్బులో బల్ల దొరకడమే గొప్ప. శర్వాణికి ఏకంగా కిటికీ పక్కదే దొరికింది. చెమట పట్టిన బీరు గ్లాసు మీద వేలితో భర్త ప్రణీత్ పేరు రాసి, అతను చూసేలా తిప్పింది. పెళ్ళయి నెల దాటలేదు. ఇలాంటివాటికి ఆమెకింకా సిగ్గు మొదలవలేదు.

అందరికీ ఉన్నట్టే వాళ్ళిద్దరి పంటి వెనుకా జిహ్వామణి ఉంది. ఆవగింజంత పూస. ఆ నాలుకకు ఎంత ఉప్పు, ఎంత కారం ఇష్టమో అది వంటగదికి చెబుతుంది. రొయ్యలు వేయించేది వంటవాడు అప్పన్నే అయినా, పళ్ళెం బయటికి వచ్చేముందు రుచియంత్రం దాన్ని తినేవారికి తగ్గట్టు దిద్దుతుంది. బీరులోని చేదునూ అంతే. లంగరులో తిండి బాగాలేదన్న మాట వినపడి చాలా ఏళ్ళయింది. ఒకరి పళ్ళెంలో ఇంకొకరు చెయ్యి పెట్టే అలవాటు కూడా ఆ యంత్రంతోనే పోయింది.

వాళ్ళ పెళ్ళికి ఈ రొయ్యల వేపుడే కారణం. నిరుడు పక్కపక్క బల్లల దగ్గర కూర్చుని, ఊళ్ళో ఇంత మంచి వేపుడు ఇంకోటి లేదని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ‘ముందు మా రుచులు కలిశాయి’ అని ప్రణీత్ పెళ్ళి విందులో కనపడినవాళ్ళందరికీ చెప్పాడు.

ఇప్పుడతను చివరి రొయ్యను అంచుకు నెట్టి కబుర్లలో పడ్డాడు. శర్వాణి దాన్ని చటుక్కున లాక్కుని నోట్లో వేసుకుంది. నమలడం ఆపేసింది.

“ఏమైంది?”

“తియ్యగా ఉంది.”

“తియ్యగానే కదా ఉంటుంది.”

ఆమె తన పళ్ళెం అతని ముందుకు తోసింది. ఒక్క రొయ్యకే ప్రణీత్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గ్లాసులో మిగిలిన బీరంతా తాగేశాడు.

“ఇంత మంట ఎలా తింటున్నావే? అయితే ఆ రోజు మనం మెచ్చుకున్నది…”

“ఒకటి కాదన్నమాట.”

నవ్వేద్దామనుకుంది, నవ్వు రాలేదు. ఇంట్లో పొయ్యి కూడా మణి మాటే వింటుంది. ఇద్దరికీ కలిసి నచ్చింది ఒక్కటైనా ఉందా అసలు? ఆమె లేచి వంటగది గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

“బాబాయ్, యంత్రంలో పెట్టకుండా ఒక వేపుడు చేస్తావా? ఇద్దరికీ కలిపి.”

“అది లేకుండానా?” అప్పన్న గరిటె దించాడు. “సానా కాలమైందమ్మా. నా సెయ్యి ఎలాగుందో నాకే తెల్దు.”

“మాదీ అదే పరిస్థితి. చెయ్యి.”

అప్పన్న పళ్ళెం తెచ్చి బల్ల నడుమ పెట్టాడు. వెళ్ళకుండా, తువ్వాలు చేతికి చుట్టుకుంటూ అక్కడే నిలబడ్డాడు. ఇద్దరూ చెరొక రొయ్య తిన్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“ఉప్పెక్కువైంది,” అన్నారు ఒకేసారి.

అప్పన్న ముఖం వెలిగింది. “ఎక్కువైందా? మరి కారం ఏటైంది?” అంటూ కుర్చీ లాక్కుని వాళ్ళ దగ్గరే కూర్చున్నాడు.

జవాబు చెప్పేముందు ఇంకోటి తిని చూద్దామని శర్వాణి చెయ్యి చాచింది. ప్రణీత్ చెయ్యి అప్పటికే పళ్ళెంలో ఉంది.